నారికురుపు లేని ఊరు

మొన్న మా మనుమరాలి మోకాలి మీద సెగగడ్డ లేచింది. మా కోడలు ఎవరిని అడిగి తెలుసుకుందో గాని, ఉమ్మెత్త ఆకుకు ఆముదం రాసి పెనం మీద వెచ్చజేసింది. ఆ వాసన వంటింట్లోంచి నా మంచం దాకా వచ్చేసరికి కూర్చున్నచోటే బిగుసుకుపోయాను. ముప్పయ్యేళ్ళు దవాఖానాల్లో అయోడిన్, స్పిరిటు, చీము, నెత్తురు అన్నీ పీల్చిన ముక్కు ఇది. దేనికీ చలించదు. వెచ్చని ఉమ్మెత్త ఆకు ఒక్కటే నా వల్ల కాదు. "ఏమైందత్తమ్మా?" అని కోడలు కంగారుపడితే పొగ పడలేదని చెప్పి అవతలికి పంపాను. పిల్లకు గడ్డ పగిలింది, మరునాటికి బడికి కూడా పోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఉసేనవ్వ కళ్ళముందు నుంచి కదలడం లేదు.

ఉసేనవ్వ మాకు చుట్టం కాదు, పక్క గుడిసె మనిషి. గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. గట్టు అవతల మెట్ట మీద మా పల్లె. వాన వస్తే జొన్న, రాకపోతే వలస. ఊరికి ఎడంగా మా వాడ. పీర్ల పండుగనాడు పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారట. మా వాడలో సగం ఇళ్ళు ఎల్లమ్మకు మొక్కేవి, మా ఇంటితో సహా మిగతా సగం యేసును నమ్ముకున్నవి. ఉసేనవ్వ మాత్రం ఎవరినీ వదిలేది కాదు. పీరుకు ఊదు వేసేది, ఎల్లమ్మకు బోనం ఎత్తేది, క్రిస్మస్ నాడు మా అమ్మ కాచిన బెల్లం పాయసం అందరికంటే ముందు వచ్చి తాగేది. మా నాయిన వేళాకోళం చేస్తే, "ముగ్గురిల ఎవరో ఒకరు ఇంటరు గద, నీకేంది కడుపు నొప్పి?" అనేది. పిల్లాజెల్లా లేని మనిషి. నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది.

ఆమె పని నారు తీయడం. ఇప్పటి పిల్లలకు నారికురుపు అంటే ఏమిటో తెలియదు, తెలియకపోవడమే మంచిది. తాగిన నీళ్ళతో లోపలికి పోయిన పురుగు ఏడాదిపాటు ఒంట్లో పెరిగి, ఎండాకాలంలో కాలి దగ్గర బొబ్బలా లేచి, నిప్పు పెట్టినట్టు మండుతుంది. బొబ్బ చితికితే తెల్లని దారం కొస ఒకటి బయటికి వస్తుంది. ఆ దారమే పురుగు. మూరెడు ఉండొచ్చు, రెండు మూరలూ ఉండొచ్చు. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు ఒక్క చుట్టు చొప్పున బయటికి తీయాలి. తెగిందా, లోపల మిగిలిన ముక్క కుళ్ళి కాలంతా పుచ్చిపోతుంది. మా వాడలో ఏటా ఇరవై ముప్పై మంది తొలకరి వేళకు సరిగ్గా మంచాన పడేవాళ్ళు. ఊరంతా విత్తనాలు వేస్తుంటే మా వాళ్ళు కాలికి పుల్ల కట్టుకుని గుమ్మాల్లో కూర్చునేవాళ్ళు. ఆ ఏడాదికి కూలి లేదు, గింజ లేదు.

పురుగు చుట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నాకు అప్పుడు తొందర ఎక్కువ, ఇప్పుడూ తక్కువేం కాదు. ఒకసారి మా మేనమామ కాలికి చుడుతూ, వదులుగా వస్తోంది కదా అని రెండో చుట్టు కూడా చుట్టబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. "జల్ది పడకు బిడ్డా. అది నీకంటె మొండిది. నువ్వు గుంజితె అది లోపటికి గుంజుకుంటది. ఒక్క చుట్టు చుట్టి ఇడిసిపెట్టు, రేపు ఇంకొకటి." మామ నొప్పితో అరుస్తుంటే అతని వైపు తిరిగి, "మీ అవ్వ కడుపుల తొమ్మిది నెల్లు ఆగినవు, గీ తొమ్మిది దినాలు ఆగలేవారా?" అని కసిరింది. ఏడుస్తున్నవాడు నవ్వాడు. చుట్టడం అయ్యాక వెచ్చని ఉమ్మెత్త ఆకు వేసి కట్టు కట్టేది. మంట మరీ ఎక్కువైన వాళ్ళను రెక్క పట్టి నడిపించుకుపోయి, మా వాడ దిగుడు బావి మెట్ల మీద కూర్చోబెట్టి, పాదం నీళ్ళలో పెట్టించేది. చల్లని నీళ్ళు తగిలితే మంట తగ్గేది, పురుగు కూడా ఇంత బయటికి సాగేది. అది ఆమె తల్లి నేర్పిన కిటుకు.

నాకు పదిహేడేళ్ళప్పుడు గద్వాల మిషన్ బడిలో చదువు ముగించుకుని ఇంటికొచ్చాను. తెలుగు చదవడం, రాయడం, కొంత ఉర్దూ మాట్లాడడం వచ్చు. నర్సు కావాలని గట్టిగా అనుకునేదాన్ని, కానీ ఎవరి చేతనైనా సిఫారసు కాగితం రాయించుకుని పోతే తప్ప తీసుకోరని చెప్పారు. మాకు కాగితం రాసిచ్చేవాళ్ళెవరు? ఆ చలికాలంలోనే నారికురుపును ఊళ్ళల్లోంచి తరిమేయడానికి వచ్చానంటూ ఒక సర్కారు అధికారి గుర్రబ్బండిలో దిగాడు. చెడ్డవాడు కాదు. ఇప్పటికీ ఆ మాటే చెబుతాను. మా వాడలోకి వచ్చి, మా దిగుడు బావి నీళ్ళు సీసాలో పట్టి, భూతద్దం ఇచ్చి అందరినీ చూడమన్నాడు. ఆయన ఉర్దూలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. కురుపు ఉన్న కాలు నీళ్ళలో పెడితే పురుగు అందులో వేలకొద్దీ పిల్లలు పెడుతుంది, నీళ్ళలోని నలుసంత జీవాలు వాటిని మింగుతాయి, ఆ నీళ్ళు తాగితే మళ్ళీ మన ఒంట్లోకే వస్తాయి అని.

అందరూ ఒక్కసారి చూసి వదిలేస్తే ఉసేనవ్వ మాత్రం భూతద్దం వదలలేదు. సీసాలో తెల్లని నలుసులు ఎగురుతున్నాయి. చాలాసేపు చూసి మెల్లగా అడిగింది. "అయితె నేను తీసిన పురుగులన్ని మల్ల మనమే తాగినమా? మెట్ల మీద కూసోవెట్టి కాళ్లు ముంచమన్నది నేనే గద బిడ్డా?" ఆమె రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది. ఎంతమంది కాళ్ళు ముంచి ఉంటుంది! ముప్పయ్యేళ్ళు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున్నే అధికారి బస చేసిన చావడికి దూరంగా నిలబడి, బావి మూసేయడానికి తనకు ఒప్పుదలే అని ఆయనకు నన్ను చెప్పమంది.

అధికారి పథకం అదే. మెట్లున్న బావులన్నీ పూడ్చేయాలి, ఊరికి గిరక బావి ఒకటి తవ్వాలి. కాళ్ళు తగలని నీళ్ళు తాగితే నారు రెండేళ్ళలో పోతుంది. మాట మాటకూ "తరక్కీ" అనేవాడు. అంటే అభివృద్ధి అని నేను చెప్పాను. అంటే ఏంది అన్నారు. ముందుకు పోవడం అన్నాను. చావడి ముందు పెద్ద చర్చే నడిచింది. "ఇంకేంది, గిరక బాయి పడ్తది, దాని ఎన్క సడకు వస్తది, మన ఊరు గద్వాల అయితది" అన్నాడు పటేలు. మా నాయిన నా చెవిలో, "వెట్టి లేకుండ చేసుడు తరక్కీ గాదా? ఈ దొరను నువ్వు అడుగరాదా" అన్నాడు. ఉసేనవ్వ ఒక్కటే, "తొలకరికి మనోళ్ల కాళ్లు నిలవడ్తె సాలు. గంతకంటె తరక్కీ నాకొద్దు" అంది. నాకు మాత్రం తరక్కీ అంటే తెల్లచీర, తల మీద తెల్ల టోపీ.

కొత్త బావి పటేలు ఇంటి ముందు తవ్వాలని నిర్ణయమైంది, అక్కడ ఊట బాగా ఉందట. ఆ మాట విన్నప్పుడే ఉసేనవ్వ నా కొంగు లాగింది. "తాడు ఎవరు పడ్తరు? మనల్ని పట్టనిస్తరా? గది అడుగు దొరను." నాకు సిగ్గేసింది. అంత పెద్ద మనిషి ముందు, అందరూ వింటుండగా, మేము అంటరానివాళ్ళమని నా నోటితో నేనే చెప్పుకోవాలా? చదువుకున్నదాన్ని. బడిలో అందరం ఒకే కుండలో నీళ్ళు తాగినవాళ్ళం. "బావి అందరిదీ అన్నాడు కదా అవ్వా, మళ్ళీ అడగడం ఎందుకు?" అని విసుక్కున్నాను. ఆ ప్రశ్న నేను అధికారికి చెప్పనే లేదు.

గిరక బావి తవ్వింది మా వాళ్ళే, వెట్టికి. రెండు నెలలు రాయి పగలగొట్టారు. మా వాళ్ళ పాదాలు, చెమట, ఉమ్ము, నెత్తురు అన్నీ ఆ గుంతలోనే. నీళ్ళు పడి, గిరక బిగించి, కొబ్బరికాయ కొట్టిన నాడు అధికారి మళ్ళీ వచ్చాడు. సాయంత్రంలోగా దిగుడు బావి పూడ్చడం కూడా కళ్ళారా చూసి పోవాలన్నాడు. మా వాళ్ళు కూడా ఉత్సాహంగానే రాళ్ళు మోశారు, ఇల్లలకగానే పండగ అనుకున్నాం. మొదటి రాయి వేయకముందు ఉసేనవ్వ అందరినీ ఆపి, కొంగులో తెచ్చిన జొన్నలు, పసుపుకొమ్ము నీళ్ళలో వదిలింది. అత్తగారింటికి పోయే ఆడపిల్లకు ఒడి నింపినట్టు నింపింది. "మా తల్లివి. తప్పు నీది గాదు, మాది" అని దండం పెట్టి, మొదటి రాయి తనే వేసింది. పొద్దుగూకేసరికి మెట్లు కనిపించలేదు.

మరునాడు మా ఆడవాళ్ళు కొత్త కుండలు పట్టుకుని గిరక బావికి పోయారు. పటేలు ఇంటి జీతగాడు దూరం నుంచే ఆపాడు. తాడు ముట్టొద్దు, వరుసగా కూర్చోండి, తీరిక దొరికినప్పుడు నేనే చేది పోస్తానన్నాడు. తవ్వినన్ని రోజులు లేని మైల, నీళ్ళు పడ్డాక వచ్చింది. నలభై ఇళ్ళకు ఒక్కడు పోయాలి. వాడికి తీరిక మధ్యాహ్నం దొరికేది, ఒక్కోనాడు దొరికేది కాదు. నీళ్ళ కోసం కూర్చుంటే కూలి పోయేది, కూలికి పోతే కుండ ఎండేది. కొందరు రెండు కోసుల దూరం వాగుకు పోయి ఇసకలో చెలమలు తోడుకున్నారు, ఎండలు ముదిరేసరికి అవీ ఎండి, దూప తీరే దారి లేకపోయింది. నేను అధికారికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు, అసలు చేరాయో లేదో తెలియదు. "మునుపు పురుగున్న నీళ్లు తాగుతుంటిమి. ఇప్పుడు పురుగు లేని దూప తాగుతున్నం" అంది ఉసేనవ్వ. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ చైత్రంలో మా పెదనాయిన కొడుక్కి పుట్టిన చంటిపిల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుని, నోరు తడపడానికి గుక్కెడు నీళ్ళు లేక చనిపోయింది. పిల్లను పూడ్చి వచ్చిన మరునాడు పొద్దున్నే ఉసేనవ్వ గడ్డపార తీసుకుని పోయి, పూడ్చిన బావి మీద నిలబడి రాళ్ళు పెకలించడం మొదలుపెట్టింది. ఒక్కతే. మధ్యాహ్నానికి మా నాయిన పోయాడు, సాయంత్రానికి వాడంతా పోయింది. తొమ్మిదో రోజు నీళ్ళు తగిలాయి, పచ్చగా, మురుగు వాసనతో. అప్పటికే ఆ ఏటి కురుపులు లేచిన కాళ్ళు ఆ నీళ్ళలోకి దిగాయి కూడా. ఎవరిని ఆపగలం? పటేలుకు సంగతి తెలుసు. బావి పూడ్చినట్టు తనే వేలిముద్ర వేశాడు కాబట్టి నోరు మెదపలేదు. పైగా మేము అతని వాకిటికి రాకపోవడమే అతనికి కావలసింది. ఉసేనవ్వ మాకందరికీ ఒకే హెచ్చరిక చేసింది. అధికారికి తెలిస్తే ఈసారి మనుషుల్ని నిలబెట్టి పూడ్పిస్తాడు, ఎవరూ నోరు జారొద్దని.

నీళ్ళు బట్టలో వడగట్టి తాగితే పురుగు రాదని అధికారి చెప్పిన మాట నాకు గుర్తుంది. ఇంటింటికీ తిరిగి చెప్పాను. యుద్ధం రోజులు, బట్ట దొరకడమే గగనం. "వడవోసే బట్ట ఉంటే ముందుగాల కట్టుకుంటుంటిమి గదనే" అని ఒకామె నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఉసేనవ్వకు రెండు చీరలుండేవి. మంచి చీర చింపి, పిల్లలున్న ఇళ్ళన్నిటికీ రెండేసి జానల ముక్క పంచింది. నీకేది అంటే, "నాకు పిల్లలా జెల్లలా, నా ఒంట్ల ఇంక పురుగుకు తినేటందుకేమున్నది?" అంది. తను మాత్రం ఎండాకాలమంతా దోసిలితో తాగింది. తెలిసి తాగింది.

మరుసటి ఏడు ఎండల్లో ఆమె కుడికాలి చీలమండ దగ్గర బొబ్బ లేచింది. ఆమె కాలు నా ఒళ్ళో పెట్టుకుని పుల్ల చుట్టాను. రోజుకు ఒక్క చుట్టు. నా చెయ్యి ఒకసారైనా తొందరపడలేదు, అది చూసి ఆమె ముఖంలో కాస్త గర్వం కనిపించేది. ఆరో నాడు పొద్దున మా గుమ్మంలో చుడుతుండగా, ఎవరో పిల్లవాడు అధికారి బండి వస్తోందని కేకేస్తూ పోయాడు. ఉసేనవ్వ నా చేతుల్లోంచి కాలు లాక్కుంది. నారు కనిపిస్తే బావి సంగతి అడుగుతాడు, అడిగితే పోయి చూస్తాడు. ఆమె లేచి, కుంటుతూ, మా గుడిసె పక్కన నిలబెట్టిన జొన్నచొప్ప మోపుల వెనక్కి దూరింది. పుల్ల చొప్పకు తట్టుకుంది. చిన్న కేక వినిపించింది, మధ్యలోనే ఆగిపోయింది. కొంగు కొరికి పట్టుకుని ఉంటుంది. పురుగు తెగిందని నాకు తెలిసిపోయింది.

అధికారి మా గుమ్మం ముందుకే వచ్చాడు, వెంట పటేలు. "ఊళ్ళో ఇప్పుడు నారు ఉందా?" అన్నాడు. "ఒక్కటి గూడ లేదు సర్కార్" అన్నాడు పటేలు. అధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి. నీ మాటే నమ్ముతాను. ఉందా?" నాకూ చొప్పమోపులకూ మధ్య ఆరడుగులు కూడా లేవు. ఉంది అంటే బావి పోతుంది. లేదు అంటే ఆ కాలికి మందు దొరకదు. "లేదు" అన్నాను. ఆయన సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాడు. జిల్లాలో ఇంత తొందరగా బాగుపడిన ఊరు మరొకటి లేదన్నాడు. నా వైపు చూసి, ఇందులో నీ కష్టం ఉంది, ఏం కావాలో అడుగు అన్నాడు. నేను అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. నర్సు చదువుకు సిఫారసు అక్కడే, నిలబడే రాసిచ్చాడు. ఆ రాసినంతసేపూ చొప్ప వెనక చప్పుడు లేదు.

మూడో నాటికి కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. గద్వాల దవాఖానకు బండి కట్టిస్తానని మా నాయిన అంటే ఆమె మంచంకోడు పట్టుకుని వదలలేదు. "అక్కడ ఏ ఊరు అంటరు. చెప్తె బాయి పూడుస్తరు. పిల్లల నోట్లె మన్ను వడ్తది. నన్ను ఈడ్నే ఉండనీయండి." నేను ఏడుస్తూ, తాడు సంగతి ఆనాడు అడగకపోవడం నా తప్పేనని చెప్పాను. ఆమె నా తల నిమిరింది. "అడిగితె మాత్రం ఏమయితుండె బిడ్డా? నువ్వన్న పో. ఆ తెల్లచీర గట్టుకో." పన్నెండో నాడు పోయింది. ఏ దేవుడికి అప్పగించాలో తెలియక ముగ్గురికీ దండం పెట్టి పూడ్చాము. నెల తిరగకముందే ఆ సిఫారసు పట్టుకుని నేను బయల్దేరాను. పోకుండా ఉండొచ్చు కదా అని నన్ను నేను అడగని రోజు లేదు.

తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగాను. నర్సమ్మ వచ్చిందంటే పటేళ్ళు ఎదురొచ్చి, మా ఊళ్ళో నారు లేదమ్మా అనేవాళ్ళు. నేను వాళ్ళ మాట వినకుండా వాడల్లోకి పోయి, గుడిసెల వెనక చూసేదాన్ని. చాలాసార్లు ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, కాలు కొంగు కింద దాచుకుని, నా తెల్లచీర చూసి వణుకుతూ. వాళ్ళ పక్కన కూర్చుని, ఒక్క చుట్టు చుట్టి, కట్టు కట్టి, రేపు మళ్ళీ వస్తానని చెప్పేదాన్ని. వాళ్ళు చేతులు జోడించి, "పుస్తకంల రాయకమ్మా, బాయి పోతది" అనేవాళ్ళు. పుస్తకం మూసి, ఊరి బావులన్నీ చూసి వచ్చేదాన్ని. వాళ్ళు తాడు పట్టగలిగే బావి ఆ ఊళ్ళో ఎక్కడా కనిపించేది కాదు. చివరికి, ఎక్కువసార్లు, 'లేదు' అనే రాశాను.